నల్ల గ్లాసులో ఏముంది?

ఈమధ్య మా కరీంనగర్‌లో దయ్యాలకు మంచిరోజులు వచ్చాయి. ఊరి చివర చింతచెట్టు మీదా, పాడుబడ్డ బావిలోనూ తలదాచుకునే ఆ దిక్కులేని ప్రాణులకు ఇప్పుడు అపార్ట్‌మెంట్ల డ్రాయింగు రూముల్లో ఆతిథ్యం దొరుకుతోంది. అక్టోబరు 31 దగ్గరపడితే చాలు, సెల్‌ఫోన్లకు ఆహ్వానాలు మొదలు. అందరూ నల్లచీరలు కట్టుకుని రావాలట! గోడలకు ప్లాస్టిక్ అస్థిపంజరాలు, ఫ్యానుకు దూదితో సాలెగూళ్ళు. ఏడాది పొడుగునా బూజుకర్ర పట్టుకుని సాలెగూళ్ళు దులిపే ఇల్లాలే ఆ ఒక్కరోజు డబ్బిచ్చి కొని తెచ్చి మరీ వేలాడదీస్తుంది. పోనీండి, సరదా. సరదాలకు కారణాలు అడగకూడదు.

నేను అడగదలుచుకున్నది వేరే సంగతి. హాలు మధ్య బల్లమీద పొగలు కక్కుతూ, కాటుకలా నిగనిగలాడుతూ ఒక పెద్ద గాజుగిన్నె ఉంటుంది చూశారూ, దాని సంగతి. దాన్ని కాక్‌టెయిల్ అంటారు. దయ్యాల పండక్కి నల్ల కాక్‌టెయిల్ లేకపోతే పార్టీ పార్టీయే కాదని మా వీధి ఆడవాళ్ళు చాలామంది తీర్మానించేశారు.

ముందే చెబుతున్నాను, హాలోవీన్ మీద నాకు కోపం లేదు. అది కూడా మనలాంటి పంటపొలాల వాళ్ళ పండగే. కోతలు ముగిసి చలి మొదలయ్యే రాత్రి చచ్చిపోయినవాళ్ళు తిరిగి వస్తారని ఐర్లండు పల్లెల్లో నమ్మేవాళ్ళు. టర్నిప్ దుంపలు తొలిచి అందులో దీపాలు పెట్టేవాళ్ళు. 1840లలో ఆలుగడ్డ పంట కుళ్ళిపోయి కరువొచ్చినప్పుడు లక్షలమంది పొట్టచేత పట్టుకుని అమెరికా ఓడలెక్కారు. వాళ్ళ మూటల్లో ఈ పండగ కూడా ఉంది. అక్కడ గుమ్మడికాయలు దండిగా దొరికాయి, దుంప పోయి గుమ్మడికాయ వచ్చింది. ఇందులో మనకు వింతేముంది? కొత్త ఇంటికి బూడిద గుమ్మడికాయ కట్టి, దానికి కళ్ళూ కోరలూ గీసేవాళ్ళం మనం. ఇంటింటికీ తిరిగి మిఠాయిలడిగే పిల్లలంటారా, కామునిపున్నమి ముందర కోలలు కొట్టుకుంటూ జాజిరి ఆడుతూ మన గడపల ముందుకు వచ్చే పిల్లల్ని మరిచిపోయామా? డల్లాస్‌లో మనవడు రాక్షసుడి మొహం తగిలించుకుని చాక్లెట్లు అడుక్కొస్తుంటే, ఇక్కడ అమ్మమ్మ ఫోనులో చూసి మురిసిపోతుంటే నాకూ ముచ్చటగానే ఉంటుంది.

పోయినవాళ్ళ కోసం మనకూ ఒక రోజుంది. భాద్రపద అమావాస్య, మా పెత్రమాస. పొద్దున పెద్దలకు బియ్యమిస్తాం, వాళ్ళకు బతికుండగా ఏవేవి ఇష్టమో అవన్నీ వండి పెడతాం. సాయంత్రమయ్యేసరికి ఎంగిలిపూల బతుకమ్మ పేర్చుకుని వాకిట్లో ఆడుకుంటాం. పొద్దున చావు, సాయంత్రం పూలు! ఇంత చక్కని ఏర్పాటు ఇంకెవరికైనా ఉందేమో నాకు తెలియదు. తాతకు మాంసం ఇష్టమైతే మాంసం వండేవాళ్ళు. కల్లు ఇష్టమైతే కల్లు పెట్టేవాళ్ళు. కల్లని చెప్పి కల్లే పెట్టేవాళ్ళు సుమా, చాటుమాటు లేదు. చిన్నపిల్లల్ని అడిగినా ముంతలో ఏముందో చెప్పేవాళ్ళు.

ఆ ముంత ఇప్పుడు ఎన్ని ఇళ్ళల్లో కనిపిస్తోంది? చదువులొచ్చాయి, ఉద్యోగాలొచ్చాయి. పక్క ఫ్లాటు వాళ్ళేమనుకుంటారోనని, అల్లుడు చూస్తాడని, తాత ఫోటో ముందునుంచి ముంత తీసేశాం. బాగుంది. నెల అటూ ఇటూగా అదే ఇంట్లో, అదే బల్లమీద, ప్లాస్టిక్ అస్థిపంజరం ముందు మూడు లీటర్ల గిన్నె పెడుతున్నాం! సొంత తాతకు దక్కని మర్యాద ఎవరో కంపెనీవాడు అచ్చుపోసిన ఎముకల గూడుకు దక్కుతోంది. తాత కల్లు నామోషీ, బొమ్మ కాక్‌టెయిల్ నాగరికత.

ఈ గిన్నెలో ఏం కలుపుతారో చూద్దాం. నవలలు రాసేదాన్ని కనుక పరాయి వంటిళ్ళలోకి తొంగిచూడటం నాకు వృత్తిధర్మం. అడుగున వోడ్కా. వోడ్కాయే ఎందుకయ్యా అంటే దానికి రంగు లేదు, వాసన తక్కువ. దేంట్లో పోసినా మర్యాదగా కలిసిపోతుంది. పైన ద్రాక్షరసమో, దానిమ్మరసమో, కోలానో. తీపికి సిరప్పు. ఇక నలుపు. కొందరు ఎరుపు, నీలం, పచ్చ మిఠాయి రంగులన్నీ కలిపేస్తారు. పిల్లలు బొమ్మలేసి బ్రష్షు కడిగిన నీళ్ళుంటాయే, ఆ నలుపు. కొందరు శంఖుపూలు నానబెట్టి ఆ నీలం నీళ్ళలో నిమ్మకాయ పిండుతారు. చూస్తుండగానే ఊదారంగుకు తిరుగుతుంది. అది నిజంగానే చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. అచ్చమైన అమావాస్య నలుపు కావాలనుకునేవాళ్ళు మాత్రం మందుల షాపుకు వెళ్ళి యాక్టివేటెడ్ చార్‌కోల్ తెస్తారు. అంటే బొగ్గుపొడి.

ఈ బొగ్గు మనకు కొత్తది కాదు. విషం మింగినవాళ్ళకు ఆస్పత్రిలో తాగించే పొడి ఇదే. పత్తిచేలలో కొట్టే మందు తాగి బండిమీద వచ్చినవాళ్ళు మన జిల్లా ఆస్పత్రులకు కొత్తకాదు కనుక దాని సంగతి ఇక్కడి నర్సమ్మలకు బాగా తెలుసు. కడుపులో ఉన్నదాన్ని ఆ పొడి తనకు అంటించుకుని రక్తంలోకి పోకుండా పట్టేస్తుంది. విషాన్ని పట్టాలి, మందును వదలాలి అనే వివేకం బొగ్గుకు ఎక్కడినుంచి వస్తుంది? బీపీ బిళ్ళనూ పడుతుంది, మూర్ఛ బిళ్ళనూ పడుతుంది, గర్భం రాకుండా వేసుకునే బిళ్ళనూ పడుతుంది. రాత్రి భోజనానికి ముందు బిళ్ళ వేసుకుని ఈ పార్టీకి వచ్చిన మనిషికి ఆ బిళ్ళ వేసుకున్న ఫలితం దక్కకపోవచ్చు. తమాషా ఏమిటంటే సారాయిని మాత్రం అది సరిగ్గా పట్టుకోలేదు. మందు పోతుంది, మత్తు ఉంటుంది! న్యూయార్కు నగరంలో ఆరోగ్యశాఖ వాళ్ళు 2018లో హోటళ్ళలో ఈ బొగ్గు తినుబండారాలనూ పానీయాలనూ ఆపించారు. వాళ్ళు ఆపించినదాన్ని మనం అమెరికా ఫ్యాషనని నెత్తికెత్తుకున్నాం.

పొగ సంగతీ చెప్పాలి. అది డ్రై ఐస్, గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు. సున్నాకు దిగువన 78 డిగ్రీల చలి దానిది. నీళ్ళలో వేస్తే తెల్లటి పొగ వస్తుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. ముక్క ఒకటి గ్లాసులోకి జారి నోట్లోకి పోయిందో, నిప్పు తిన్నట్టే. 2024 మార్చిలో గురుగ్రామ్‌లోని ఒక హోటల్లో భోజనం తర్వాత నోటి సువాసనకని పెట్టిన పళ్ళెంలో పొరపాటున ఇదే వచ్చింది. తిన్నవాళ్ళు అక్కడికక్కడే నెత్తురు కక్కుకున్నారు. బ్రిటన్‌లో 2012లో పద్దెనిమిదేళ్ళ పిల్ల, పుట్టినరోజు నాడు, ద్రవ నత్రజని పోసిన కాక్‌టెయిల్ తాగింది. ప్రాణం దక్కించడానికి డాక్టర్లు కడుపే తీసెయ్యాల్సి వచ్చింది.

అయినా బొగ్గూ పొగా మానేస్తే నా పేచీ తీరదు. నా పేచీ ఆ నలుపుతోనే. మానేరు డ్యాము వైపు కొత్తగా లేచిన ఒక అపార్ట్‌మెంటులో నేను చూసిన సంగతి చెబుతాను.

ఆ ఇంటికి పక్క ఫ్లాటు పెద్దమ్మను కూడా పిలిచారు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. పిల్లలు విదేశాల్లో ఉన్నారు. నలుగురితో కూర్చుంటే ప్రొద్దుపోతుందని వచ్చింది. ఇల్లాలు గ్లాసు అందించింది. పెద్దమ్మ దాన్ని ట్యూబులైటు వైపు ఎత్తి చూసింది.

"ఏంది బిడ్డా గిది? గింత నల్లగున్నది. అడుగే కనవడ్తలేదు."

"జ్యూసే పెద్దమ్మా, నేరేడుపండ్లది. తాగు, సల్లగుంటది."

"ఈ దినాలల్ల నేరేడుపండ్లు ఏడియి బిడ్డా?"

అందరూ నవ్వారు. అయిదారుగురు అంతలేసి కళ్ళతో చూస్తుంటే కాదనడం మర్యాద కాదనుకుందేమో, తాగింది. తియ్యగా ఉందని ఇంకొకటీ తాగింది. లేవబోతూ సోఫా పట్టుకుని కూలబడిపోయింది. "పెద్దమ్మకు దయ్యం పట్టింది!" అని ఒక కుర్రవాడు అరిచాడు. ఇంకొకడు సెల్‌ఫోనులో ఫోటో తీశాడు. నవ్వులే నవ్వులు. నేనూ ఇంకో ఆవిడా పట్టుకుని ఇంటికి చేర్చాం. మర్నాడు చూడ్డానికి వెళితే ఆవిడన్న మాట ఇది: "కల్లని చెప్పి పోస్తే నాకెంత కావాల్నో నేను సూసుకోనా? మా కాలంల తాటివనం కాడ మేం తాగలేదా? చెప్పకుంట పోసుడేంది?"

చూశారా, ఆవిడ తాగుడు గురించి అనలేదు. చెప్పకుండా పోయడం గురించి అంది.

కాస్త లెక్క వేద్దాం. లెక్కలు ఆడవాళ్ళకు రావంటారు గాని, పాలవాడి లెక్కా చిట్టీల లెక్కా ఎవరు చూస్తున్నారు? మూడు లీటర్ల గిన్నెలో 750 మిల్లీలీటర్ల వోడ్కా సీసా ఒకటి గుమ్మరించారనుకోండి. పావులీటరు గ్లాసులో 62 మిల్లీలీటర్ల పైచిలుకు వస్తుంది. అంటే బారులో మగవాడు ఇంత మీసం దువ్వుకుని "లార్జ్" అని అడిగే పూర్తి పెగ్గు. పెద్దమ్మ రెండు గ్లాసులు తాగింది. తాను రెండు పెద్ద పెగ్గులు తాగానని ఆవిడకు ఎవరు చెప్పారు? 21 ఏళ్ళు నిండనివాళ్ళకు మద్యం అమ్మకూడదని మన చట్టం. ఆ గిన్నెలోంచి గరిటెతో పోసేటప్పుడు ఎవరి వయస్సు ఎవరు అడిగారు? ఇంటర్మీడియట్ చదివే పిల్లలు జ్యూసనుకుని తాగారో, కాదని తెలిసే తాగారో ఆ తల్లులకే తెలియదు. నలుపులో అన్నీ నలుపే.

ఆ మాటకొస్తే కాక్‌టెయిల్ పుట్టుకలోనే కొంత ఈ దాపరికం ఉంది. 1806లో అమెరికాలో ఒక పత్రిక ఈ మాటకు అర్థం చెబుతూ సారాయి, చక్కెర, నీళ్ళు, చేదుమందు కలిపినదని రాసింది. తర్వాత 1920 నుంచి 1933 దాకా అక్కడ మద్యనిషేధం ఉన్న రోజుల్లో దొంగచాటుగా కాచిన సారాయి గొంతు దిగేది కాదు. ఆ కంపు తెలియకుండా పళ్ళరసాలూ తేనే కలిపి పోసేవాళ్ళు. ఇంకో ముచ్చట. 1990లలో బ్రిటన్‌వాళ్ళు నల్లటి వోడ్కా తయారుచేసి బజారులో పెట్టారు. ఆ నలుపు ఎక్కడిదనుకున్నారు? కాచుది! మన నానమ్మల తమలపాకుల పెట్టెలో సున్నం డబ్బీ పక్కన ఉండే కాచు. చండ్రచెట్టు చేవను ఉడకబెట్టి తీస్తారు. ఆ చెట్టు మన ఆదిలాబాద్ అడవిలోనూ ఉంది. నానమ్మ తాంబూలం మాత్రం పల్లెటూరి అలవాటని ఎప్పుడో మానిపించాం.

నలుపు మాటెత్తాను గనుక నల్లబెల్లం సంగతి కూడా వినండి. గుడుంబా కాచేది దానితోనూ పటికతోనూ. కరీంనగర్, ఆదిలాబాద్ పేపర్లు తిరగేస్తే నల్లబెల్లం మూటలతో ఆటో పట్టుబడిందన్న వార్తలు కనిపిస్తూనే ఉంటాయి. పట్టుబడ్డ ఆడమనిషి మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని ఫోటోలో నిలబడి ఉంటుంది. గుడుంబా మంచిదని నేననను. అది ఎన్ని పుస్తెలు తెంపిందో ఈ జిల్లాల్లో ప్రతి ఊరికీ తెలుసు. కాని ఆ పేపరు చదివి "ఛీ, ఏం మనుషులమ్మా" అనుకున్న చేత్తోనే సాయంత్రం నల్లగిన్నెలో గరిటె తిప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వు రాదు.

ఇప్పసారాదీ ఇదే కథ. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆదిలాబాద్ అడవిలో తెల్లవారకముందే ఇప్పపూలు రాలతాయి. గోండు, కొలాము ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని ఏరుకొచ్చి ఎండబెడతారు. తింటారు, అమ్ముతారు, కాస్త సారా కాస్తారు. అది నీళ్ళలా తేటగా ఉంటుంది. పెళ్ళికీ చావుకీ దేవుడికీ ఆ సారాయే ధార పోస్తారు. ఇంట్లో కాచుకుంటే ఖజానాకు పన్ను రాదు కనుక 1892లో బొంబాయి ప్రభుత్వం ఇప్పపూలు ఏరుకోవడం మీదా దాచుకోవడం మీదా కూడా చట్టం చేసింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2021లో ఇదే ఇప్పసారాను వారసత్వ మద్యంగా అమ్మనిస్తామని ప్రకటించింది. అంటే సీసాకు అందమైన చీటీ పడితే వారసత్వం, కుండలో ఉంటే కేసు. మన ఉట్నూరు ఆడవాళ్ళు ఈ గొడవలో పడకుండా సంఘంగా చేరి ఇప్పపూలతో లడ్డూలు కడుతున్నారు. దొరికితే తిని చూడండి.

సారా సంగతిలో మన ఆడవాళ్ళు చేసిన పని చిన్నది కాదు. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని అని ముద్దుపేరు పెట్టి ఊరూరా సారా పాకెట్లు చేర్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు కొంగులు బిగించి దుకాణాలు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు, అది వేరే బాధ. కొట్లాడినవాళ్ళు కూలి ఆడవాళ్ళు. వాళ్ళకు శత్రువు కళ్ళెదుట కనిపించేది. పాకెట్టు చేతికందేది, లాగి నేలకు కొట్టారు. మన ఇళ్ళల్లోకి వచ్చినదాన్ని ఎవరు లాగుతారు? పళ్ళరసం వేషంలో, పండగ పేరుతో, ఇల్లాలి చేతి ట్రేలోనే వచ్చిందే!

ఇదొకటి గమనించండి. పూర్వం మగవాళ్ళు తాగదలుచుకుంటే సీసా పట్టుకుని డాబా మీదికి పోయేవాళ్ళు. మహా అయితే మనచేత పల్లీలు వేయించుకునేవాళ్ళు. ఇప్పుడు కొలవడం మనం, కలపడం మనం, గ్లాసు అంచుకు చక్కెర అద్దడం మనం, బావుందని మెప్పు పొందడం మనం, తెల్లారి తివాచీ మీద నల్లమరకలు రుద్దడమూ మనమే. ముగ్గుకూ అల్లికకూ తోడు ఇది కూడా ఇల్లాలి కళల్లో చేరింది. వంటింట్లోకి ఇంకో చాకిరీ వచ్చిందని గుర్తుపట్టకుండా ఉండటానికి కూడా ఈ నలుపు పనికొస్తోంది కాబోలు.

"అక్కా, మగవాళ్ళు తాగితే లేదుగాని మేం ఒక గ్లాసు పట్టుకుంటే నీకు గుర్తొచ్చిందా?" అని ఒక అమ్మాయి నన్ను నిలదీసింది. మంచి ప్రశ్నే. తల్లీ, తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్ళు కల్లు తాగడం నిన్నా మొన్నటి సంగతి కాదు. నాట్లు వేసి వచ్చి ముంత ముందు పెట్టుకుని కూర్చున్న ముసలమ్మలను ఎవరూ వేలెత్తి చూపలేదు. చదువుకున్నవాళ్ళమయ్యాక సిగ్గుపడి దాచింది మనమే. నువ్వు తాగుతావో మానతావో నీ ఇష్టం, నీ ఒళ్ళు. నీ ఇంటికొచ్చిన మనిషికి ఏం పోస్తున్నావో చెప్పు అంటున్నాను. అంతకంటే పాతకాలపు మాట నేనేమీ అనలేదు.

వేషాలు వేసుకోవాలని ఉంటే అందుకూ మనకు దారి ఉంది. 2024లో అక్టోబరు 31, దీపావళి ఒకే రోజు పడ్డాయి. ఆ రోజు ఇక్కడ మావాళ్ళు కొందరు ప్లాస్టిక్ కోరలు పెట్టుకుని తిరుగుతుంటే, అక్కడ ఆదిలాబాద్ గూడేల్లో దండారి జరుగుతోంది. నెమలి ఈకల పెద్ద టోపీ, ఒంటినిండా బూడిద, చేతిలో కర్ర, గుస్సాడీలు గజ్జెలు మోగిస్తూ వస్తుంటే పిల్లలు నిజంగానే భయపడి అమ్మ కొంగు పట్టుకుంటారు. ఆ వేషం వేసుకున్నన్నాళ్ళూ స్నానం కూడా చెయ్యరు, దేవుడు ఒంటిమీద ఉన్నాడని. ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరికి చుట్టాలుగా వెళతారు, వాళ్ళు కాళ్ళకు నీళ్ళిచ్చి అన్నం పెడతారు. ఈ గుస్సాడీ ఆటనే జీవితమంతా నేర్పిన మార్లవాయి కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆ దీపావళికి కొద్దిరోజుల ముందే ఆయన పోయారు. కరీంనగర్ నుంచి మార్లవాయి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికల్లా చేరుకునే దూరమే. పార్టీకి వచ్చిన పిల్లల్లో ఒక్కరైనా గుస్సాడీని చూశారా అని అడిగాను. ఒక పిల్ల మాత్రం టీవీలో చూశానంది.

ఈ ఏడాది కూడా గిన్నె పెట్టక తప్పదంటారా, పెట్టండి. నలుపు కావాలంటే జూన్, జులైలలో నేరేడుపండ్లు వస్తాయి. గింజ తీసి, చక్కెర వేసి ఉడికించి, రసం ఫ్రీజరులో దాచుకోండి. అక్టోబరులో దానికి నల్లద్రాక్ష, అల్లంముక్క, చిటికెడు నల్ల ఉప్పు చేర్చితే పిల్లలూ పెద్దమ్మలూ లొట్టలేసుకుంటూ తాగుతారు. సీసాను ఇంకో బల్లమీద, దాని చీటీ అందరికీ కనబడేలా పెట్టండి. పక్కన 30 మిల్లీలీటర్ల కొలత గ్లాసు పెట్టండి. కావలసినవాళ్ళు, మగవాళ్ళు కానీ ఆడవాళ్ళు కానీ, లేచివచ్చి తమ చేత్తో పోసుకుంటారు. బండి నడిపి ఇంటికి పోవలసినవాళ్ళు తమ లెక్క తాము చూసుకుంటారు. మీరు కూడా వంటింట్లోంచి బయటికొచ్చి కాసేపు నలుగురిలో కూర్చోవచ్చు.

వచ్చే పెత్రమాసకు తాత ఫోటో ముందు ముంత పెట్టాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం, అందులో నేను వేలు పెట్టను. పెట్టదలిస్తే మాత్రం ముందుగా మీ అత్తమ్మను అడిగి తెలుసుకోండి, ఆయనకు ఇష్టమైంది ఈతకల్లా, తాటికల్లా అని.